సముద్రపు ఒడ్డు అరుగు మీద వడియాలు

ఆ ఏడాది వేసవిలో రాజధాని శివారు సిటీవెస్ట్‌లో తెలుగువాళ్ళం కలిసి వంటలు చేసుకున్నప్పుడు నా పిండి వడియాలు తిని, "అబ్బ, ఎంత గుల్లగా వచ్చాయండీ! ఈ దేశంలో ఇంత ఎండ ఎక్కడ దొరికింది?" అని అడిగినవాళ్ళందరికీ ఒక మాట. ఎండ ఎక్కడిదని అడిగారు, మా ఊరిదని చెప్పాను. దేని మీద పెట్టావని మాత్రం ఒక్కరూ అడగలేదు. అప్పటికి నాకూ తెలియదు. తెలిశాక నోరు మూసుకుని కూర్చున్నాను. ఇన్నేళ్ళకి చెబుతున్నాను, ఎప్పుడో అరిగిపోయి ఉంటాయి, ఇప్పుడు కోప్పడి ఏం లాభం?

అవి మాంద్యం రోజులు. మా ఆయన వాటర్‌ఫోర్డ్ దగ్గర మందుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. వారానికి మూడు రోజులే పని ఇచ్చేవారు. "ఉద్యోగం ఉన్నట్టా, లేనట్టా?" అని ఇంటి నుంచి ఫోన్లో అడిగితే, "సోమ, మంగళ, బుధవారాలు ఉన్నట్టు" అనేవారు. అద్దె తక్కువని పట్నం వదిలి సముద్రపు ఒడ్డున ఒక పల్లెకి మారాం. ముప్పై ఇళ్ళు కడదామని మొదలుపెట్టి, తొమ్మిదయ్యేసరికి కట్టేవాడు చేతులెత్తేసిన ఎస్టేటు అది. మిగతావి కిటికీలు లేకుండా నోళ్ళు తెరుచుకుని నిలబడి ఉండేవి. ఎస్టేటుకి సముద్రం పేరు పెట్టారు గానీ, మా వంటింట్లోంచి కనిపించేది తుప్పుపట్టిన సిమెంటు మిక్సరు.

నాకు ఊరంటే ఇంటి గోడకి ఇంటి గోడ ఆనుకుని ఉండాలి. మా కృష్ణా జిల్లాలో పక్కింట్లో పోపు వేస్తే మనం తుమ్ముతాం. ఇక్కడ ఇంటికీ ఇంటికీ మధ్య పాతిక ఆవులు. రాతి గట్ల మధ్య పొలాలు, గట్ల మీద పచ్చటి పూలు పూసే ముళ్ళ పొదలు, ఎప్పుడో మూతబడ్డ రాగి గనుల పొగగొట్టాలు రెండు, ఒక చర్చి, ఒక పబ్బు, ఆ తర్వాత కొండచరియ, దాని కింద సముద్రం. వానొకటి. రోజుకి నాలుగుసార్లు వచ్చి పలకరించి పోయేది.

జూలైలో ఉన్నట్టుండి ఒక వారం ఎండ కాసింది. మామూలు ఎండ కాదు, బట్టలారేసి లోపలికి వచ్చేలోగా ఆరిపోయే ఎండ. అంత ఎండ వృథాగా పోతుంటే తెలుగుదాని చేతులు ఊరుకుంటాయా? బియ్యప్పిండి జావ కాచాను. పచ్చిమిర్చీ, జీలకర్రా, ఉప్పూ నూరి కలిపాను. మా ఆయన పాత పంచె, నూలు బాగా అరిగి పలచబడింది ఒకటుంటే తడిపి పిండాను. తీరా చూస్తే పరచడానికి చోటు లేదు. మా పెరడు నిండా సిమెంటు దుమ్ము, పైగా మధ్యాహ్నం రెండు దాటితే నీడ.

అప్పుడు గుర్తొచ్చింది. కొండచరియ మీద, నడకదారి పక్కన, పైకప్పు లేని పాత రాతి కట్టడం ఒకటుంది. గోడలకి తీగలు పాకాయి. లోపల దక్షిణపు గోడ వారగా మోకాలెత్తున నల్లటి రాతిపలకలు, కింద రాళ్ళు పేర్చి పైన పరిచినవి, వరసగా ఏడున్నాయి. చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. అచ్చం మా మేనత్తగారింటి వీధి అరుగులే! ఎవరో జమీందారు ఇల్లయి ఉంటుంది పాపం, ఇల్లు పోయినా అరుగులు మిగిలాయి అనుకున్నాను. సిలువ లేదు, రాత లేదు, ఎవరూ ఏమీ చెప్పలేదు. బకెట్టుతో నీళ్ళు మోసుకెళ్ళి, బ్రష్షు పెట్టి ఆ చివరి అరుగు రుద్ది రుద్ది కడిగాను. పంచె చిన్నది కావడంతో సగానికే సరిపోయింది. దాని మీద గరిటెతో వడియాలు పెట్టి, సీగల్ పక్షుల్ని తోలడానికి కర్ర పట్టుకుని పక్కనే కూర్చున్నాను.

నడకదారిన పోయేవాళ్ళు ఎంత మర్యాదస్తులో అప్పుడు తెలిసింది. ఒకాయన నన్ను చూసి టోపీ తీశాడు. ఒకావిడ ఆగి, గుండెల మీద సిలువ గుర్తు వేసుకుని, చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయింది. "మన దగ్గర వడియాలు పెట్టేవాళ్ళని ఎవరైనా ఇంత గౌరవంగా చూశారా?" అని ఆ సాయంత్రం మా ఆయన్ని నిలదీశాను కూడా. ఆయన టీవీలోంచి తల తిప్పకుండా "నిజమే, మా తప్పే" అన్నారు.

రెండో రోజు సాయంత్రానికి గలగలా ఎండాయి. పంచె తిరగేసి నీళ్ళు చిలకరించి ఒలుచుకున్నాను. రాయి మీద అక్కడక్కడా తెల్లగా పిండి అంటింది గానీ, ఒలిచే సంబరంలో దాని సంగతి పట్టించుకోలేదు. ఆదివారం సిటీవెస్ట్ తీసుకెళ్ళి కొన్ని వేయించి పెట్టాను, మిగతావి పొట్లాలు కట్టి పంచాను. నేవన్ నుంచి వచ్చిన ఆంటీ రెండు పొట్లాలు తీసుకుంది. ఆవిడ మడీ ఆచారమూ అంటే మడీ ఆచారమే. ఎవరి చేతి వంటా ఒక పట్టాన ముట్టదు. అలాంటి మనిషి నా వడియం నమిలి, "శుచిగా చేశావమ్మా, తింటుంటేనే తెలుస్తోంది" అంది.

సోమవారం పొద్దున్న తలుపు కొట్టారు. తీస్తే గుమ్మంలో ఒక ముసలాయన, చేతికర్ర మీద వాలి ఆయాసపడుతున్నాడు. రోజూ కొండచరియ దారిలో "గ్రాండ్ డే" అంటూ ఎదురయ్యే మనిషే. నలభై ఏళ్ళు ఆ చుట్టుపక్కల సైకిలు మీద ఉత్తరాలు పంచి రిటైరైన పోస్టుమాన్ అని, పెళ్ళి చేసుకోలేదని, ఊరి చరిత్ర రాస్తుంటాడని మాత్రం తెలుసు.

"ఆ పాత చర్చిలో రాయి మీద పిండి పెట్టింది నువ్వేనా అమ్మాయ్?" అన్నాడు.

అది చర్చా! ఎవరో గార్డులకి, అంటే ఇక్కడి పోలీసులకి, చెప్పి ఉంటారు, వాళ్ళు వస్తారు, మా వీసా పోతుంది, మూడు రోజుల ఉద్యోగమూ పోతుంది అని క్షణంలో అంతా అయిపోయింది నాకు. "సారీ అండీ, కడిగేస్తాను, ఇప్పుడే కడిగేస్తాను" అని బకెట్టు కోసం పరిగెత్తబోయాను.

"అయ్యో, దాని జోలికి వెళ్ళకు!" అని ఆయన అరిచిన అరుపుకి కిటికీల్లేని ఇళ్ళన్నీ మారుమోగాయి.

చెయ్యి పట్టుకున్నంత పనిచేసి నన్నక్కడికి నడిపించాడు. దారిలో పేరు చెప్పి, పేరు పెట్టి పిలవమన్నాడు. ఎనభై ఏళ్ళ మనిషిని పేరు పెట్టి పిలిస్తే మా అమ్మ అక్కణ్ణుంచే నా చెవి మెలేస్తుంది. "అంకుల్ అంటానండీ" అన్నాను. "నేనెవరికీ అంకుల్‌ని కాను. నాకు అన్నదమ్ములూ లేరు, అక్కచెల్లెళ్ళూ లేరు" అన్నాడు. "మాకు అవన్నీ అక్కర్లేదులెండి" అన్నాను.

అరుగు దగ్గరికి వెళ్ళి చూద్దును కదా, నల్లటి రాతి మీద తెల్లటి అక్షరాలు! పంచె నేతలోంచి కారిన జావ, కంటికి ఆనని పాత గాట్లలోకి దిగి ఎండిపోయింది. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడుతుంటే ముగ్గు పెట్టినంత స్పష్టంగా ఉన్నాయి. "ఇక్కడ విశ్రమిస్తున్నవాడు..." అని మొదలైంది. కింద, ఓడలకి దారి చూపిన సరంగు అని. ఆ కింద సగం రాయి నా పంచె పరవని సగం. అక్కడేమీ లేదు.

"విశ్రమించడమంటే?" అన్నాను, అర్థమయ్యీ.

"సమాధి" అన్నాడు ఆయన ఎంతో సంతోషంగా.

నేను వేసిన కేకకి సీగల్ పక్షులన్నీ ఒక్కసారి లేచాయి. సమాధి మీద వడియాలా! రెండు రోజులు సమాధుల మధ్య కూర్చుని కూనిరాగాలు తీశానా! పైగా సిటీవెస్ట్ వాళ్ళందరికీ పెట్టాను. నేవన్ ఆంటీ రెండు పొట్లాలు! కూలబడబోయి, దేని మీద కూర్చోబోతున్నానో చూసుకుని మళ్ళీ ఎగిరి నిలబడ్డాను. ముసలాయన అదేమీ గమనించలేదు. తెల్లటి అక్షరాల మీద, తాకకుండా, గాలిలోనే వేలు నడుపుతున్నాడు.

అప్పుడు చెప్పాడు సంగతి. ఆ శ్మశానం మూసేసి చాలా కాలమైంది. కొత్తగా ఎవరినీ పూడ్చరు, అక్కడ తమ వంశం రాయి ఉందని చూపించగలిగినవాళ్ళని తప్ప. తన తాతముత్తాతలు ఆ దక్షిణపు గోడ వారనే ఉన్నారని వాళ్ళ నాన్న చెప్పేవాడట. ఏ రాయో చెప్పకుండానే పోయాడు. ఉప్పుగాలి ఏడు రాళ్ళనీ నున్నగా నాకేసింది. ఈయన టార్చి వేసి చూశాడు, కాగితం పెట్టి బొగ్గుతో రుద్ది చూశాడు, కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమి చూశాడు. ముప్పై ఏళ్ళుగా చూస్తూనే ఉన్నాడు. ముత్తాత సరంగు అన్నది మాత్రం తెలుసు. కానీ ఈ తీరంలో సరంగులు ముగ్గురు నలుగురుండేవారు, ఇంటిపేరు కనిపిస్తేనే కౌంటీ ఆఫీసు ఒప్పుకుంటుంది.

"డాక్టరు నా గుండె సంగతి చెప్పాడులే. తొందరేం లేదన్నాడు, అయితే ఆలస్యం కూడా చెయ్యొద్దన్నాడు" అని నవ్వాడు. "ఈ ఊళ్ళో ప్రతి ఇంటికీ ఉత్తరం ఇచ్చాను అమ్మాయ్. ఎవరెక్కడున్నారో నాకు తెలియనిది లేదు. నా అడ్రసు ఒక్కటే తెలియలేదు."

నేను ఫోటో తీశాను. ఆయన వెంటనే ఆఫీసుకి ఫోన్ చేశాడు. ఫోటో కాదు, మనిషొచ్చి చూడాలి, ఈ గురువారమే వస్తామన్నారు. ఆ సాయంత్రమే వాన దంచి కొట్టింది. మంగళవారానికి రాయి నల్లగా, నున్నగా, ఏమీ ఎరగనట్టు ఉంది.

బుధవారం ఆయన మళ్ళీ వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, "ఇంకొక్కసారి పెడతావా? రాయంతా సరిపోయేట్టు?" అని అడిగాడు.

చచ్చినా పెట్టనన్నాను. తెలియక చేసింది వేరు, సమాధి అని తెలిసి తెలిసి తిండి వస్తువు దాని మీద పెట్టడం వేరు. మా ఇళ్ళల్లో శ్మశానం వైపు ఆడవాళ్ళు వెళ్ళనే వెళ్ళరని, ఎవరైనా వెళ్ళొస్తే తలస్నానం చేస్తే గానీ గడప తొక్కనివ్వరని, చేతులు తిప్పుతూ పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. "గ్రాండ్" అన్నాడు, ఇక్కడివాళ్ళకి 'సరే' అంటే అదే. కర్ర పొడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండింది. అదేం మనిషండీ! మనవాళ్ళయితే బతిమాలతారు, కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు, "మా బంగారు తల్లివి కదూ" అంటారు, అప్పుడు మనం కాస్త బెట్టు చేసి ఒప్పుకుంటాం. ఒక్కసారి అడిగి గ్రాండ్ అని వెళ్ళిపోతే ఎదుటి మనిషి ఎలా ఒప్పుకోవాలి? ఆ కోపంలో గిన్నెలన్నీ రెండుసార్లు తోమాను.

"తెలిసి చేస్తే పాపమా?" అని మా ఆయన్ని అడిగాను.

"తెలిసీ చెయ్యకపోతే ఏమిటో అది చూసుకో" అన్నారు. ఆ మనిషి ఎప్పుడూ అంతే. టీవీ చూస్తున్నాడనుకుంటాం, పక్కనుంచి ఒక్కటి వేస్తాడు.

రాత్రంతా ఆలోచించే తీరిక కూడా లేదు, జావ కాచాలి కదా. తెల్లవారి ఆరింటికి పొయ్యి వెలిగించాను. ఉట్టి పిండి జావ చాలునని ముసలాయనకి ఫోన్లో చెప్పాను. ఒప్పుకోలేదు. "మొన్న ఏమేం వేశావో అవన్నీ వెయ్యి. ఒక్కటీ మార్చకు" అన్నాడు. సమాధి రాత చదవడానికి పచ్చిమిర్చి ఎందుకండీ అంటే వినడే! సరేనని మిర్చీ, జీలకర్రా నూరాను. పంచెలు రెండు తడిపాను. రెండోది మా ఆయన పెళ్ళినాటిది. ఆయన చూసి నోరు తెరిచి, నా మొహం చూసి మూసేశారు.

అక్కడికి వెళ్ళేసరికి ఊరు ఊరంతా ఉంది. పనుల్లేని రోజులు, చూడడానికి ఇంతకన్నా ఏముంది? మడత కుర్చీలు, ఫ్లాస్కుల్లో టీ. ఇళ్ళు కట్టడం ఆగిపోయాక ఖాళీగా ఉన్న తాపీమేస్త్రీలు ఇద్దరు, పంచె అంచులు గాలికి లేవకుండా రాళ్ళు పెట్టారు. చేతి కింద పనివాళ్ళుంటే వడియాలు పెట్టడం ఇంత హాయిగా ఉంటుందని నాకెప్పుడూ తెలియదు. కౌంటీ ఆఫీసు నుంచి వచ్చిన అమ్మాయి బూట్లేసుకుని, ఫైలు పట్టుకుని నిలబడింది. "రాయికి హాని చేసేదేమీ ఇందులో లేదు కదా?" అని అడిగింది. "మేము తింటామండీ దీన్ని" అన్నాను కాస్త గట్టిగానే.

మొదటి గరిటె తీసినప్పుడు మాత్రం చెయ్యి ఆగింది. కింద ఎవరో ఉన్నారు, పడుకుని ఉన్నారు, నేను వాళ్ళ మీద జావ పొయ్యబోతున్నాను. మనసులో దణ్ణం పెట్టుకున్నాను. ఏవండీ సరంగుగారూ, తప్పు పట్టకండి, మీ పిల్లవాడు మిమ్మల్ని వెతుక్కుంటున్నాడు అని చెప్పుకుని గరిటె ఒంచాను. ఆ తర్వాత చెయ్యి మామూలుగానే సాగింది.

పగలంతా ఆయన కుర్చీలోంచి కదలలేదు. అన్నం తినమంటే వద్దన్నాడు. మధ్యలో ఒక మబ్బు వచ్చి మా నెత్తి మీద నిలబడితే, అంతమందీ తలలెత్తి దాన్ని తిట్టిన తిట్లకి అది సముద్రం మీదికి వెళ్ళిపోయింది. ఈసారి పలచగా పెట్టానేమో, ఒక్క రోజుకే ఎండాయి. సాయంత్రం ఆరింటికి, ఎండ ఏటవాలు కాగానే, పంచె మీద నీళ్ళు చిలకరించి నెమ్మదిగా ఎత్తాను.

పైన సరంగు ఉన్నాడు. కింది సగంలో ముసలాయన ఇంటిపేరు తెల్లగా ఉంది. ఆ అమ్మాయి ఫైలు చంకలో పెట్టుకుని వంగి, పైకే చదివింది. ఇది ఆ ఇంటిపేరు వాడూ, వాడి వంశంలో వచ్చేవాళ్ళందరూ విశ్రమించే చోటు అని. ఆయన వంశంలో అప్పటికి మిగిలింది ఆయనొక్కడే. టోపీ తీసి, వెళ్ళి ఆ రాతి అంచు మీద మెల్లగా కూర్చున్నాడు, వాళ్ళింటి అరుగు మీద కూర్చున్నట్టు.

"ఇదన్నమాట" అన్నాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఎండకి అనుకున్నారు అందరూ, అనుకోనిచ్చాను.

వడియాల్ని పక్షులకి వేసేద్దామనుకున్నాను. ఆయన వెయ్యనిస్తేనా! "మావాళ్ళ దగ్గర ఎండినవి, నేను తినకపోతే ఎవరు తింటారు?" అన్నాడు. నేను ఇంటికెళ్ళి తలస్నానం చేసొచ్చి, ఆయన వంటింట్లోనే వేయించాను. ఆయన టీలో ముంచుకుని తిన్నాడు, అదొక్కటే నాకు నచ్చలేదు. ఆఫీసు అమ్మాయి నాలుగు తింది. నేనూ ఒకటి తిన్నాను. గుల్లగా వచ్చాయి.

నేవన్ ఆంటీ మర్నాడే ఫోన్ చేసి, "మళ్ళీ ఎప్పుడు పెడతావమ్మా?" అంది. ఎండలు పోయాయండీ అని చెప్పాను.

ఆ తర్వాత రెండు శీతాకాలాలు ఆయన నన్ను ఆ పొలాలన్నిట్లో తిప్పాడు. ప్రతి పొలానికీ ఒక పేరు, ప్రతి పేరు వెనకా ఒక గొడవ. ఎక్కడ ఏ ఓడ పగిలిందో, ఏ గని కూలీ ఎక్కడ తప్పతాగి ఆవు పక్కన పడుకున్నాడో చెప్పేవాడు, నేను ఆయన నోటుపుస్తకాల్లో రాసేదాన్ని. "అంకుల్, నెమ్మది" అని వెనకనుంచి అరిచేదాన్ని. మూడో శీతాకాలం రాకముందే, ఒక పొద్దున్న టీ పెట్టుకుంటూ పోయాడు.

శ్మశానానికి వెళ్ళనా వద్దా అని ఈసారి నేనెవరినీ అడగలేదు. నల్ల కోటు వేసుకుని జనం వెనకాల, గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఇక్కడ ఆచారమేమిటంటే, పూడ్చడం అయ్యాక ఊరంతా వరసకట్టి చనిపోయినవాళ్ళ ఇంటివాళ్ళకి చేతులు కలిపి, ఒకే మాట చెప్పి వెళతారు. ఆ రోజు అంతా అయ్యాక ఎవరూ కదలలేదు, చెయ్యి కలపడానికి ఇంటివాళ్ళంటూ ఎవరూ లేరు. అప్పుడు ఆ తాపీమేస్త్రీలిద్దరూ వచ్చి, చెరో మోచెయ్యీ పట్టుకుని నన్ను రాయి పక్కకి తీసుకెళ్ళి నిలబెట్టారు. ఎదురుగా వరస కట్టారు. టోపీ తీసినాయన, సిలువ గుర్తు వేసుకున్నావిడ, ఆఫీసు అమ్మాయి, ఒక్కొక్కరే వచ్చి నా చెయ్యి పట్టుకుని, "మీకు వచ్చిన కష్టానికి విచారిస్తున్నాం" అని వెళుతున్నారు. నేను తల ఊపుతున్నాను, ముక్కు తుడుచుకుంటున్నాను, ఎవరెవరో కనిపించడం లేదు.

చివర్న ఒక చెయ్యి మరీ తెలిసినట్టుంటే తలెత్తి చూశాను. మా ఆయన. అందరూ నిలబడ్డారు కదా అని ఆయనా వెళ్ళి వరసలో నిలబడ్డారట. నా చెయ్యి పట్టుకుని, ఈ ఊరివాళ్ళ యాసలోనే ఆ మాట చెప్పి, చెయ్యి మాత్రం వదల్లేదు.